రెండు కార్లకూ వత్తాసు పలకని వీరాంజనేయులు గారు

1988 జూలై నాలుగో తేదీ సోమవారం నాడు, గుంటూరులోని మన మిర్చి ఎగుమతుల సంస్థలో లారీ సెక్షన్ గుమస్తాగా శ్రీ వీరాంజనేయులు గారు ఉద్యోగప్రవేశం చేశారు. అప్పటికి వారి వయస్సు ఇరవై రెండు. ఉద్యోగమిచ్చినవారు నేటి చైర్మన్ శ్రీ బాపయ్య గారే. "లారీల సంగతి తెలుసా?" అని వారు అడిగితే, "తెలియదండి, లెక్కలు మాత్రం వచ్చండి" అని ఈయన జవాబిచ్చారు. తెలియనిది తెలియదని చెప్పే అలవాటు ఆనాటిది. ఆ అలవాటు వల్ల ఈ ఆఫీసులో బాగుపడ్డవాళ్ళు తక్కువ.

ఆ రోజుల్లో ఆఫీసు మొత్తానికి ఒకటే ఫోను. యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు లెక్కపెట్టి లారీలకెత్తించి, మద్రాసు రేవుకు పంపి, అవి చేరిన కబురు వచ్చేదాకా కుర్చీలో కుదురుగా కూర్చోకపోవడం వీరాంజనేయులు గారి పద్ధతి. లారీ దారిలో ఆగిపోతే ఆ సంగతి వెనక వచ్చే మరో లారీ డ్రైవరు చెప్పాలి. అతను టీ తాగడానికి ఆగితే కబురూ అక్కడే ఆగేది. ఫిబ్రవరి నుంచి మే దాకా సీజనులో అందరి చొక్కాలూ ఎర్రబారేవి, అందరి కళ్ళూ మండేవి, ఒకరి తుమ్ము ఆగేలోగా మరొకరు అందుకునేవారు. అయినా ఆ నాలుగు నెలలూ ఈయన ముఖంలో పెళ్ళివారి కళ ఉండేది. అటువంటి రోజులు ఇక రావు. ఇప్పుడు లారీ ఎక్కడుందో ఫోనులోనే కనిపిస్తుంది. ఎదురుచూసే పనిలేదు, చేరిందంటే కలిగే ఆ సంతోషమూ లేదు.

2009లో వీరాంజనేయులు గారు రవాణా మేనేజరయ్యారు. 2013లో బాపయ్య గారు పేరున్న విదేశీ కంపెనీ నల్ల కారు కొన్నారు. కొనమని సలహా ఇచ్చినవారు ఈయనే. ఆ కారులో మొట్టమొదట విదేశీ కొనుగోలుదారులను యార్డుకు తీసుకెళ్ళిన రోజు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. యార్డు గేటు దాటేముందు ఏసీకి బయటిగాలి రాకుండా మీట నొక్కాలని ఇక్కడ పసిపిల్లవాడికి కూడా తెలుసు. కానీ ఆ కారు ఎవరి మాటా వినదు, గాలి సంగతి అదే చూసుకుంటుందని కంపెనీవారు చెప్పారు. అది చూసుకుంది. సరిగ్గా టిక్కీల వరుసల మధ్య బయటిగాలి తలుపు తెరుచుకుంది. లోపలున్న నలుగురూ తుమ్ములతో, దగ్గులతో, ధారలు కట్టిన కళ్ళతో అద్దాలు దించి ఇంకా ఘాటు పీల్చారు. ముందు సీట్లో ఉన్న వీరాంజనేయులు గారు రుమాలు అడ్డం పెట్టుకుని, "సరుకు నాణ్యత వారికి అర్థమైనట్టేనండి" అన్నారు. అంత బాధలోనూ బాపయ్య గారు నవ్వారు.

అయినా ఆ కారు మీద వీరాంజనేయులు గారి నమ్మకం సడలలేదు. అకౌంట్స్ విభాగంలోని శ్రీరమ్య గారు కరెంటు కారు కొనుక్కున్న నాటి నుంచి భోజనాల గదిలో మనకు రోజూ కాలక్షేపమే.

"మేనేజరు గారూ, మీ నల్ల కారు మళ్ళీ షెడ్డుకెళ్ళిందటగా?"

"వందేళ్ళ పేరమ్మా దానిది. మొన్న పుట్టిన బ్యాటరీ బండితో పోలికేమిటి?"

"ఆగిపోయినప్పుడు పేరు పట్టుకుని తోస్తే కదులుతుందా అండీ?"

నల్ల కారు డ్రైవరు బాషా ఊరుకునేవాడు కాదు. "మా బండి ఆగితే షెడ్డుకు తోలుకెళ్తామమ్మా. మీదానికి చార్జింగు అయిపోతే గేదె బురదలో పడుకున్నట్టే. ఎవరు లేపుతారు?"

"ఎనిమిదేళ్ళ తర్వాత బ్యాటరీ ఏమవుతుందో చెప్పగల మనిషిని చూపించమ్మా, ఒప్పుకుంటాను" అనేవారు వీరాంజనేయులు గారు.

"అప్పటికి మీ కారు విడిభాగం దొరుకుతుందని చెప్పగల మనిషిని మీరు చూపించండి, నా కారు అమ్మేస్తాను."

పెరుగన్నం దాకా ఇదే. ఎవరూ గెలవలేదు, ఎవరూ అలగలేదు.

నిరుడు నవంబరులో ఆ వాదం భోజనాల గది దాటి చైర్మన్ గారి గదికి చేరింది. నల్ల కారు పాతబడింది. అదే కంపెనీ కొత్త కారు కొనాలని బాపయ్య గారు, పాతది అమ్మి పూర్తిగా కరెంటు కార్లకు మారాలని వారి కుమారుడు, మేనేజింగ్ డైరెక్టర్ శ్రీ చైతన్యకృష్ణ గారు పట్టుబట్టారు. ఏది నమ్మదగినదో తేల్చే బాధ్యత వీరాంజనేయులు గారిపై పడింది. వారి పదవీకాలం జనవరి నెలాఖరుతో ముగుస్తుంది. ఇంకో రెండు సీజన్లు ఉండనివ్వమని వారు అంతకుముందే కోరగా, తండ్రీకొడుకులిద్దరూ తల ఊపారు. ఉత్తర్వు మాత్రం ఇంకా రాలేదు. వారిద్దరిలో ఏ ఒక్కరు గట్టిగా నిలబడినా ఆ ఉత్తర్వు వస్తుంది. ఫిబ్రవరి నెలలో యార్డు వాసన లేకుండా బతకడమెలాగో తెలియని మనిషికి ఆ రెండేళ్ళు ఎంతటివో చెప్పనవసరం లేదు.

నడిపి చూడమని అమ్మకందారు ఇచ్చిన కరెంటు కారును మూడు వారాలపాటు బాషా చేత నడిపించి, చిలకలూరిపేట జిన్నింగు మిల్లుకూ, వేటపాలేనికీ, మార్కాపురానికీ వీరాంజనేయులు గారు తిరిగారు. మార్కాపురం దారిలో చార్జింగు మిషను వెలుగుతూనే ఉండి కారుకు కరెంటు ఎక్కించలేదు. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఇద్దరూ టీ కొట్టు బెంచీ మీదే కూర్చున్నారు. ఆ వారాల్లో నల్ల కారు బెజవాడ షెడ్డులో విడిభాగం కోసం ఎదురుచూస్తోంది. బాపయ్య గారు మేనల్లుడి ఇంట పెళ్ళికి అద్దె కారులో వెళ్ళారు.

చివరికి చైర్మన్ గారు అందరినీ తమ గదిలోకి పిలిచారు.

"చెప్పు వీరాంజనేయులూ. మన నల్ల కారు కంపెనీని మించింది ఉందా?" అన్నారు బాపయ్య గారు.

"నాన్నగారి మొహం చూసి చెప్పకండి అంకుల్" అన్నారు చైతన్యకృష్ణ గారు.

"ఇద్దరి మొహాలూ చూడనండి. ఆ కారు కొనమన్నది నేనే. నడిచినన్నాళ్ళు దర్జాగా నడిచింది. ఇప్పుడు ఆగితే భాగం రావడానికి నెల పడుతోంది. అటువంటిదే ఇంకోటి కొనవద్దండి."

చైతన్యకృష్ణ గారు నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు ఉండలేదు.

"కరెంటు కారు తనంతట తాను ఒక్కసారీ ఆగలేదు. శ్రీరమ్యమ్మ చెప్పింది నిజం, నేను ఇన్నాళ్ళూ ఊరికే వాదించాను. గుంటూరుకీ, చిలకలూరిపేటకీ అది చాలు. కానీ మార్కాపురం వైపు ఆ చార్జింగును నమ్ముకుని మిమ్మల్ని ఎక్కించలేనండి. పాత కారు అమ్మకండి. బాగు చేయించి అటు వాడండి."

"ఇన్నేళ్ళు నాతో తిరిగి చివరికి చెప్పేది ఇదా?" అన్నారు బాపయ్య గారు.

"తిరిగాను కాబట్టే చెబుతున్నానండి."

ఇద్దరిలో ఒకరిని మెప్పించినా సరిపోయేది. ఆ సంగతి వీరాంజనేయులు గారికి తెలుసు. తెలిసే చెప్పారు. ఉత్తర్వు రాలేదు. యాజమాన్యం కారణం చెప్పలేదు. గదిలో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు, లేనివారికి ఇప్పుడు చెబుతున్నాము. పాత కారు అమ్మేశారు. తండ్రిగారు తమకు నచ్చిన కారు, కుమారుడు తమకు నచ్చిన కారు కొన్నారు. రెండూ పోర్టికోలో ఉన్నాయి, చూడవచ్చు.

ఉత్తర్వు రాదని తేలిన సాయంత్రం వీరాంజనేయులు గారు బ్రాడీపేటలోని ఇంటికి నడిచే వెళ్ళారట. భార్య శ్రీమతి రాజ్యం గారికి ఎలా చెప్పాలో తోచక సందు మొదట్లో కాసేపు నిలబడ్డారట. చెప్పాక ఆమె, "అయితే ఈ ఎండాకాలం మధ్యాహ్నాలు ఇంట్లోనే అన్నం తింటారా?" అని అడిగి, జవాబు వినకుండానే బజారు నుంచి ఏ కూరలు తేవాలో చెప్పడం మొదలుపెట్టారట. మర్నాడు భోజనాల గదిలో ఈ మాట నవ్వుతూ చెప్పబోయి, సగంలో ఆగి, వారు మంచినీళ్ళు తాగారు. శ్రీరమ్య గారు కూడా ఆరోజు కార్ల ఊసెత్తలేదు.

2026 జనవరి 31న, సీజను మొదలయ్యే ముందురోజు, వీరాంజనేయులు గారు పదవీ విరమణ చేస్తున్నారు. వారి సేవలకు సంస్థ ఇవ్వవలసిన గౌరవం ఇవ్వలేదు. అయితే ఇల్లు వారికోసం రెండేళ్ళు ముందుగా తలుపు తీసింది. ఎదురుగా కూర్చుని, ఇంకొంచెం వేసుకోమని కసిరే మనిషి ఉన్న ఇల్లు ఎంతటిదో, ఆ మనిషి పోయిన ఇంటికి తాళంచెవి పట్టుకుని వెళ్ళేవారిని అడిగితే చెబుతారు. మధ్యాహ్నం పూట యార్డు వైపు రావద్దు, మేనేజరు గారూ. అన్నం చల్లారిపోతుంది.

వీరాంజనేయులు గారికీ, రాజ్యం గారికీ నిండు ఆరోగ్యం కలగాలని, ఆయుష్షు ఇద్దరికీ సరిసమానంగా ఉండాలని కోరుకుంటున్నాము. ఒక్కరికే మిగిలే దీర్ఘాయుష్షును మాత్రం వారికి కోరము.