వాసన కోసం పోసిన నీళ్లు

తప్పయిపోయిందనాలా? నేనా? ఎందుకూ, నీ బ్లీచు బకెట్టు ఎత్తి కాలవలో పారబోసినందుకా? బాగుంది వదినా, చాలా బాగుంది! రేపు మళ్లీ కలుపు, మళ్లీ పారబోస్తాను.

కూర్చో, లేవకు. పిల్లలందరూ ఇళ్లకి పోయారు. వదినా ఆడపడుచులం నాలుగు మాటలు అనుకుంటే ఎవరికి నొప్పి?

అసలు ఈ బ్లీచుతో తుడిచే పని నాకు నేర్పిందెవరు? నువ్వు కాదూ? ఈ క్రెష్ తెరిచిన కొత్తలో పక్కన నిలబడి మరీ చెప్పావే! "ముందు సబ్బునీళ్లతో తుడువు, మురికి మీద బ్లీచు పోస్తే దండగ. చన్నీళ్లలో కొంచెమే కలుపు, ఏ రోజుది ఆ రోజే. ఇంకే మందూ అందులో పొయ్యకు, ఆ ఆవిరికి చస్తాం. తుడిచాక తడి దానంతటది ఆరాలి. నోట్లో పెట్టుకునే బొమ్మలైతే మళ్లీ మంచినీళ్లతో కడుగు." పిల్లలు వెళ్లాక, కిటికీలన్నీ తెరిచాకే సీసా మూత తీసేదానివి. ఆ సీసా పెట్టే బీరువా తాళంచెవి నీ ఒంటి మీదే ఉండేది.

మరిప్పుడేం పుట్టింది నీకు?

ఆఁ, తెలుసులే. వెనక వీధిలో ఇంకో క్రెష్ వచ్చింది. అక్కడ గుమ్మంలో అడుగు పెడితేనే బ్లీచు గుప్పుమంటోందట, తల్లులంతా "అబ్బ, ఎంత శుభ్రమో" అంటున్నారట. అంతే, నువ్వూ మొదలెట్టావు! సాయంత్రం పని మాన్పించి, పొద్దున సరిగ్గా పిల్లలు దిగే వేళకి గుమ్మంలో చిక్కగా కుమ్మరింపు. పైన పటారం, లోన లొటారం! లోపల బల్లలు జిడ్డోడుతున్నా పట్టదు. శుభ్రం ముక్కుకి తగిలితే చాలు కాబోలు!

తగిలింది మరి, మన గునగునగాడికి. ఆ నడక చూసి ఆ పేరు పెట్టింది నువ్వే కదా? పొద్దున ఆ తడిలో జర్రున జారి చతికిలబడ్డాడు. ఆ చేతులే కళ్లకి రాసుకున్నాడు. అసలే వాడికి పిల్లికూతలు! కుళాయి కింద కళ్లు కడుగుతుంటే ఊపిరందక నా మెడ గట్టిగా పట్టుకున్నాడు. ఏడ్చాను వదినా. సిగ్గేముంది, భోరుమని ఏడ్చాను. వాణ్ని దించగానే బకెట్టు పారబోశాను.

నువ్వేం చేశావు? వాళ్లమ్మని పిలిపించి, "జలుబు చేసినట్టుందమ్మా, డాక్టరుకి చూపించండి" అన్నావు. జలుబట, జలుబు! ఆ డాక్టరు జలుబుకి మందిస్తే ఎవరి కొంప మునుగుతుంది? మనదా?

అన్నయ్యతో చెప్తావా? చెప్పుకో. రేపట్నుంచి రావద్దంటావా? అను. నోరు మూసుకుని పడుండమంటే మాత్రం నా వల్ల కాదు.

అలా గుడ్లురిమి చూడకు. వాళ్లమ్మ రోడ్డు దాటుతుంటే వెనకాలే పరిగెత్తాను. జలుబు కాదు తల్లీ, బ్లీచు నీళ్లు పడ్డాయి, డాక్టరుకి అదే చెప్పు అన్నాను. పోసింది మా వదినే అని కూడా అన్నాను.

పిల్లాడు ఇప్పుడు నయంగానే ఉన్నాడట. ఆవిడ మాత్రం రేపు మిగతా తల్లుల్ని వెంటేసుకుని వస్తానంది. ఈ తలుపులు మూతబడితే నీతో పాటు నేనూ వీధిన పడతాను. తెలుసు. తెలిసే చెప్పాను.