కానుగ కింది మన్ను

వారం కింద ఇచ్చిన రెండు మట్టి సంచుల ఫలితం కోసం బాలమణి ఊర్నించి మొదటి బస్సుకే బయల్దేరి, నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలోని మట్టి పరీక్షల ల్యాబుకు వచ్చింది. పరీక్ష చేసిన మేడం రిపోర్టు తెరిచి ఆమెను కూర్చోమంది.

“నిరుడు దున్నేసిన పత్తికట్టె కుళ్లిందా అమ్మా?”

“లేదు మేడం. తవ్వితే ఎట్లున్నది గట్లనే ఎల్తున్నది. గదే భయమైతున్నది.”

“కుళ్లబెట్టేది మట్టిలోని బ్యాక్టీరియా. మంచి మన్ను చిటికెడు తీస్తే వేల రకాలుంటయి. కొన్ని కట్టెను కుళ్లబెడ్తయి, కొన్ని గాలిల నత్రజని పట్టి వేర్లకిస్తయి, కొన్ని తెగులును ఆపుతయి. మీ చేని మట్టిల బ్యాక్టీరియా జీన్లు పరీక్షిస్తే చానా తక్కువ రకాలే మిగిలినయి.”

“అంటే నా భూమి సచ్చిపోయిందా?”

“ఇంకా లేదు. మందులు గిట్లనే గుమ్మరిస్తే మాత్రం ఏ పంటా నిలవదు. రెండో సంచిది ఏడి మన్ను?”

“చేని గట్టు మీది కానుగ చెట్టు కింద తీసిన.”

“దాంట్ల అన్నీ బతికున్నయి. ఆ మన్ను పెంటెరువుల కలిపి చల్లున్రి. రెండు మూడేండ్లకు చేను కోలుకోవచ్చు.”

బాలమణి దిగ్గున లేచింది.

“మా ఆయన గట్టు చదును చేస్తనని ఇయ్యాల్నే జేసీబీని పిలిచిండు!”

“జల్ది ఫోన్ చెయ్యున్రి!”

మూడోసారికి అతను ఎత్తాడు. వెనక బండి చప్పుడు.

“ఆపు! కానుగను తియ్యకు!”

“ఎప్పుడో పడ్డదే.”

“దాని కింది మన్ను?”

“ట్రాక్టర్ల నింపినం. రోడ్డు గుంతలల్ల పోస్తందుకు ఇప్పుడే బయల్దేరుతున్నది.”

“కదలనియ్యకు! నేనొచ్చేదాక ట్రాక్టర్ ముంగట కూసో!”