ఫ్రిజ్‌లో పెట్టమన్న బుష్

హలో… ఆ, నేనే బావా, నీ మరదల్నే. … గొంతు ఇంతకంటే లేవదు. వర్క్‌షాపు వెనకాల, ఇనప తుక్కు పోగు చాటున నక్కి మాట్లాడుతున్నా.

అక్క పక్కనుందా? … అయితే కాస్త అవతలికి రా. … వచ్చావా? బండి తీసుకుని వెనక గేటు దగ్గరికి వచ్చెయ్. … ఎందుకేంటి, ఇంటికి పోదామని. రేపూ రాను, ఎల్లుండీ రాను. ఈ అప్రెంటిసు పని ఇవాళ్టితో సరి.

…ఎవరూ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

చెప్తా, మధ్యలో నవ్వకు. … ఇంకా మొదలెట్టందే నవ్వుతావేంటి?

చేరిన కొత్తలో వీళ్లు నన్నెలా ఆడించారో చెప్పాగా? … ఆ, అదే. మట్టం చూసే గొట్టంలో బుడగ అరిగిపోయింది, స్టోరుకెళ్లి కొత్తది తెమ్మన్నారు. వెళ్లా. స్టోరాయన ఇంకా ఘనుడు, చిన్న బుడగా పెద్ద బుడగా కనుక్కుని రమ్మన్నాడు. … కనుక్కొచ్చా. … నవ్వొద్దన్నానా? ఆ తర్వాత చేతికి బకెట్టిచ్చి, గ్రైండింగ్ దగ్గర రాలే నిప్పురవ్వలు పట్టుకురమ్మన్నారు. … పట్టా. అప్రెంటిసంటే చెప్పింది చెయ్యడమేగా. కొత్తగా ఎవరొచ్చినా ఇంతేనంట, ఆడా మగా తేడా చూడరంట. ఆ ఒక్క విషయంలో ధర్మాత్ములు.

అందుకే ఒట్టేసుకున్నా, ఇక నన్నెవడూ ఆడించలేడని. ఆ ఒట్టే కొంప ముంచింది.

ఇవాళ పెద్ద మేస్త్రి పిలిచాడు. … ఆయనే, నోట్లో మాట బయటికి రావాలంటే పటకారు పెట్టి లాగాల్సిన మనిషి. నా చేతిలో కంచు గొట్టం ముక్క పెట్టాడు. బుష్ అంటారు దాన్ని, పంపు లోపల బిగిస్తారు. క్యాంటీన్ ఫ్రిజ్‌లో పెట్టు, అడిగినప్పుడు పట్టుకురా అన్నాడు. … కదా? కంచుముక్కని ఫ్రిజ్‌లో పెట్టడమేంటి, అదేమన్నా పెరుగా? పైగా ఆ పక్కనే ఆ సీనియరు, నక్క అని చెప్పానే, వాడు పళ్లికిలిస్తూ నిలబడ్డాడు. ఓహో, ఈసారి పెద్దాయన్ని కూడా కలుపుకున్నారనుకున్నా.

సరేనండీ అని తలూపి వెళ్లి… క్యాంటీన్ పొయ్యి పక్క గట్టు మీద పెట్టా. పెట్టి, కాలు మీద కాలేసుకుని టీ తాగా. … దర్జాగానే తాగా. ఇంకోటి కూడా పోయించుకున్నా.

ఆయన అడిగాక, ఫ్రిజ్‌లోంచి తీసినట్టే తడిగుడ్డలో చుట్టి, చంటిపిల్లని తెచ్చినట్టు తెచ్చిచ్చా. … చెయ్యి పెడితే తెలియదా అంటే, ఆయన అప్పటికే మందపాటి తొడుగులు వేసుకునున్నాడు. గబగబా పంపు కన్నంలో పెట్టి సుత్తితో కొట్టాడు. … ఇరుక్కుంది. సగం లోపల, సగం బయట. ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

…అవును బావా, నిజంగానే ఫ్రిజ్‌లో పెడతారంట. చలికి కాస్త ముడుచుకుని లోపలికి జారుతుందంట. జారాక మామూలు వేడికి ఉబ్బి బిగుసుకుపోతుందంట. నేనేమో ముందే పొయ్యి పక్కన ఉబ్బబెట్టి మరీ తెచ్చా. … బళ్లోనే చెప్తారా? బళ్లో చెప్పింది బళ్లోనే వదిలేసొచ్చా.

కాదు బావా, అది కాదు నా బాధ. మేనేజరొచ్చి ఆయన మీద పడ్డాడు. కళ్లు కనపడక కొలత తప్పించావు, ఇక ఇంట్లో కూర్చో అన్నాడు, అందరి ముందూ. … పెద్దాయనా? కళ్లద్దాలు తుడుచుకుని తన కొలతలే మళ్లీ చూసుకుంటున్నాడు. మళ్లీ తుడుచుకుంటున్నాడు. తప్పు తనదే అనుకుంటున్నాడు బావా.

…ఎవరూ చూడలేదు. … నోరు మూసుకుని ఊరుకోనా? … నేనూ అలాగే అనుకునే ఈ తుక్కు దాకా వచ్చా. … ఇప్పుడేమో చెప్పెయ్యమని నీతులా? పంచరైన బండి మీద ముగ్గుర్ని ఎక్కించుకున్నోడివి, నువ్వా చెప్పేది? … భయం కాదు. … సరే, భయమే. వాళ్లు నన్ను పంపిస్తే అక్క మొహం ఎలా చూడను? పెద్దాయన్ని పంపిస్తే నా మొహం నేనెలా చూసుకోను?

ఉండుండు… ఆయనే ఇటొస్తున్నాడు. … పెట్టెయ్యకు బావా. ఊరికే లైన్లో ఉండు.

— మేస్త్రీ… మిమ్మల్నేనండి. ఆ బుష్ నేను ఫ్రిజ్‌లో పెట్టలేదండి. … పొయ్యి పక్కన పెట్టా. … నాతో ఆడుకుంటున్నారనుకున్నా. మీ కొలత తప్పలేదండి. … అవునండి, పొయ్యి పక్కనే. వెచ్చగా.

…హలో. ఉన్నావా? … విన్నావుగా. … తిట్టలేదు. నాలుగు తిడితే పోయేది. అక్కడ గోడకానుకుని ఊపిరి పీలుస్తున్నాడు. చాలాసేపట్నుంచి పీల్చనట్టు.

ఉండు, ఏదో అంటున్నాడు… … అయ్యో. ‘ఇదే మాట మేనేజరుకి చెప్పు. చెప్పొచ్చి, ఇరికించింది నువ్వే ఊడదియ్యి’ అంటున్నాడు.

…నాకేం తెలుసు, ఉంచుతారో తరుముతారో. … వద్దు, బండి వద్దు. … వద్దంటే వద్దు. అక్కకి ఆలస్యమవుతుందని చెప్పు. … ఎందుకంటే ఏదో ఒకటి అల్లు, అందులో నీకు పెట్టింది పేరు.

— ఆ, వస్తున్నా మేస్త్రీ. మేనేజరుకి చెప్పే వస్తా.

…బావా, తన తొడుగులు తీసి నాకిచ్చాడు. నా చేతులకి మరీ పెద్దవి. ఇవి తొడుక్కుంటే ఫోను పట్టుకోలేను. పెట్టేస్తు—