తేటనీళ్ళ సూది

నా వేలు చూడు మామా. పంటి గాటు ఎంత లోతుగా పడిందో చూడు. నోట్లో బెల్లం పెట్టేదానికి వచ్చిన పెండ్లాం వేలు కొరికే మొగుడు ఈ మార్కాపురం తాలూకా మొత్తంలో నువ్వు ఒక్కడివే ఉంటావు.

ఆ, అటు తిరుగు. గోడకే చెప్పుకుంటాలే. నాతో మాట మానేసి ఎనిమిది రోజులాయె. పొట్టేలుతో మాట్లాడతావు, దొడ్లో కుక్కతో మాట్లాడతావు. చావు తప్పి ఇప్పుడే గదా లేచి కూచున్నావు, ఇప్పుడన్నా ఒక్క మాట అనకూడదా?

నిన్ను బెల్లం దొంగ అన్నాననే గదా ఈ పంతం? మరి అనక ఏం చేసేది? కొత్త సూదిమందు వచ్చినాక నీ చక్కెరజబ్బు తగ్గాల్సింది పోయి పెరిగిపాయె. కడివెడు నీళ్ళు తాగితివి. నువ్వు ఒంటికి పోసిన చోటల్లా చీమలు బారు కట్టె. ఉట్టి మీద బెల్లం కుండ ఉండె. ఎవురైనా ఏమనుకుంటారు? బిడ్డల మీద ఒట్టేసినా నేను నమ్మలా. గొర్రెల తగువులు తీర్చే పెద్దమనిషివి, నిన్ను పట్టుకోని నడివీధిలో దొంగ అన్నా. నీ సొంత చెల్లెలు కొండమ్మ కూడా నా పక్కే మాట్లాడె. ఇప్పుడు తగువుకొచ్చినోళ్ళు నీ తీర్పు వినకుండా ముసిముసిగా నవ్వుతుండారు. తెలుసులే నాకు.

సరే, విను. మొహం చూపించకపోయినా చెవులు ఈడనే ఉన్నాయిగా.

పాత మందు గుర్తుందా? తేటగా ఉండేది. రోజుకు మూడు సూదులు. గొడ్డు కడుపులోంచి తీస్తారని కాంపౌండరు సీమోను చెప్తే, గొడ్డయితే ఏంది, మనం సాకేదేగా అంటివి. ఈ కొత్తది మద్రాసు నుంచి దొనకొండ మీదుగా రైల్లో వచ్చింది. దీంట్లో ఏదో చేప సరుకు కలిపినారంట. ఒంట్లో నిదానంగా కరుగుతదంట, రోజుకు ఒక్క సూది చాలంట. సీసాను అరచేతుల మధ్య మెల్లంగా దొర్లించి, అంతా కలిసినాక బోర్లించి లాగమన్నాడు సీమోను. తల ఊపినా.

ఆయన పోయినాక కలిపి చూస్తే ఏముంది, కుడితినీళ్ళే! పుట్టినకాడి నుంచి వాగు చెలమ నీళ్ళు తెచ్చి, కుండలో చిల్లగింజ అరగదీసి, మడ్డి దిగినాక పైతేట వంచుకోని తాగినదాన్ని. మడ్డిని నీ నోట్లోకే పోనీయలేదే, నీ ఒంట్లోకి ఎట్ల పోనిస్తా? సీసాను నీళ్ళకుండ కింద తడి ఇసుకలో కదలకుండా పెట్టి, తెల్లదంతా అడుగుకు దిగినాక, నిలబెట్టే పైతేట లాగి పొడిచినా. పదిహేను రోజులు. చిల్లగింజ కూడా వేద్దును, రబ్బరు మూత అడ్డమొచ్చింది గానీ.

మొన్న సీమోను వచ్చినాడు గదా. నీ మూత్రం ఆ చక్కెర చూసే నీలం నీళ్ళలో వేసి కాచితే ఇటుకరంగు తిరిగె, చక్కెర నిండా ఉందన్నాడు. మందు ఎట్ల లాగుతున్నావని అడిగినాడు. ఆయన చెప్పినట్టేనని అన్నా. అబద్ధమే. ఆయన సీసా ఎత్తి చూసినాడు. అడుగున సున్నం లెక్క పేరుకోని ఉంది. అరవలా. అరిచింటే బాగుండు. "సుబ్బులమ్మక్కా, ఆ తెల్లదే మందు. పైన ఉండేది నీళ్ళు" అన్నాడు.

అంటే పదిహేను రోజులు నీకు నీళ్ళు పొడిచి, నిన్ను దొంగను చేసినా మామా.

ఇంకా ఉంది. మందంతా అడుగున చిక్కబడింది, ఈ సీసా పారేయి, ఇంకోటి పంపిస్తా అన్నాడు. యుద్ధంతో ఓడలే సరిగ్గా రావడం లేదని నువ్వే అంటివి గదా. పారేసేదానికి చెయ్యి రాలా. ఆ మడ్డినంతా బాగా కలిపి నిన్న పొద్దున పొడిచినా. పోయిన రోజులకు కూడా కలిసొస్తదనుకున్నా.

తెల్లారేసరికి నీకు చెమటలు పట్టె, చేతులు వణికె, నన్ను అమ్మా అని పిలిస్తివి. మందు ఎక్కువై, చక్కెర పడిపోయి వణుకు పుడితే బెల్లం పెట్టమని సీమోను ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చి ఉట్టి మీంచి కుండ దించినా. మూతకు కట్టిన గుడ్డ ముడి, సంక్రాంతి పోయినాక నేను కట్టింది, కట్టినట్టే ఉంది. అన్ని రోజులు తిట్టినానే గానీ, ఒక్కనాడు ఆ ముడి చూడలా.

నాకు భయమేసింది మామా. నువ్వు పోయింటే దొంగగానే పోయేవాడివి.

రేపు కొండమ్మను పిలిచి, నడివీధిలో నిలబడి నేనే చెప్తా. మా ఆయన ఏం తినలేదు, మందు దొంగను నేనేనని. నవ్వితే నన్ను చూసి నవ్వనీ. నువ్వు తిట్టు, కొట్టు, ఏదో ఒకటి అను.

ఏందీ? గట్టిగా చెప్పు.

ఎనిమిది రోజులకు నోరు తెరిచి అడిగేది ఇదా? ఇంకో ముక్కా?

సరే, చిన్నదే. పట్టు. నా వేలు బయటికి తీసుకునేదాకా మాత్రం నోరు మూయబాక.