బల్ల ఒరిగింది

అక్క పడుకున్న ఆస్పత్రి మంచం మీదికి లాగిన బల్లపై వీరుల బొమ్మలతో, పాచికతో ఆడే యుద్ధపు ఆట పరిచి ఉంది. ఆట నడిపేదీ, రూళ్లు తేల్చేదీ ఎప్పుడూ తమ్ముడే. అక్క తరఫున ఆడే డాలువీరుడు ఇప్పుడే రాక్షసుడి దెబ్బ కాచుకున్నాడు.

"ఇక కత్తి దుయ్యక్కా."

"డాలు అడ్డం పెట్టినవాడు ఆ వంతులో కత్తి ఎత్తకూడదు కదరా?"

"ఎత్తకూడదని రూల్లో ఎక్కడుంది? ఎత్తొచ్చనే నా తీర్పు."

"పోయినేడాది ఇదే రూలు మీద నాతో పోట్లాడి అన్నం మానేశావు."

"అప్పుడు నాకు సరిగ్గా అర్థం కాలేదులే. పాచిక వెయ్యి."

ఆమె వేసింది.

"ఒకటి. ఒకటి పడితే చావే. నా వాడు పోయాడు."

"బల్ల ఒరిగిందక్కా. అది లెక్కలోకి రాదు, మళ్లీ వెయ్యి."

ఆమె పాచికను గుప్పిట్లో బిగించి తమ్ముడి మొహంలోకి చూసింది. చిన్నప్పటినుంచీ ఆమె చేసిన ఒక్క తొండిని కూడా వదిలిపెట్టినవాడు కాదు.

"పొద్దున డాక్టరు నిన్ను బయటికి పిలిచి ఏం చెప్పాడ్రా?"

"ఏం లేదు. మందులు మారుస్తారట."

"సరే. నా వాణ్ణి తీసెయ్."

"ఇంకొక్కసారి వెయ్యక్కా, నీ కాళ్లు పట్టుకుంటా."

"బల్ల ఒరగలేదురా," అంటూ ఆమె తన వీరుణ్ణి తనే మెల్లగా పక్కకి పడుకోబెట్టింది.