పాట మధ్యలో శాలువా

సభకు అధ్యక్షత వహిస్తున్న వసంతమ్మ గారికి, శ్రమ అనుకోకుండా తిరుపతి నుంచి వచ్చిన ముఖ్య అతిథి రవిచంద్ర గారికి, మా చిత్తూరు బజారువీధి వ్యాపార మిత్రులకు, గోడవారన నిలబడి ఇందాకటిదాకా ఈలలు వేసిన పిల్లలకు నమస్కారం. ఈ వీడ్కోలు ఎవరికోసం పెట్టుకున్నామో ఆ ‘ఉప్పుగాలి’ బ్యాండు పిల్లలు నలుగురికీ నమస్కారం పెట్టడానికి మాత్రం నాకు మొహం చెల్లడం లేదు. సంగీత మిత్రమండలి కార్యదర్శిగా వాళ్లను పొగుడుతూ రెండు పేజీలు రాసుకొచ్చాను. అవి జేబులోనే ఉండనీయండి.

వసంతమ్మ గారూ, మీరు గడియారం చూస్తున్నారు. ఎప్పటిలా సాగదీయనులెండి. (నవ్వులు)

ఈ పిల్లలకు తలా ఒక ఊళ్లో ఉద్యోగాలొచ్చాయి, రేపటి నుంచి బ్యాండు లేదు, కాబట్టి వాళ్ల పాటలన్నింటిలోకీ పెద్దదైన ‘ఇంజను ఆపిన చోట’ను చివరిసారిగా ఇక్కడ వాయించమని బతిమాలింది నేనే. రాక్ సంగీతమంటే చెవులు చిల్లులు పడటమే అనుకునే నాలాంటి బట్టలంగడివాణ్ని కట్టిపడేసిన పాట అది. పులికాట్ సరస్సులో తిరిగే చేపల పడవ ఇంజను చప్పుడును జియావుల్లా తన డ్రమ్ముల మీదకు తెచ్చాడు. దాని మీద ధర్మేంద్ర గిటారు మొదట సన్నగా, పోనుపోను ఈదురుగాలిలా లేస్తుంది. చర్చిలో కీబోర్డు నేర్చుకున్న రూతు ఆ చేత్తోనే సరస్సును కదిలిస్తుంటుంది. రెండు తాళాలు, ఒకటి ఏడు, ఒకటి నాలుగు, పొసగక పెనుగులాడి పెనుగులాడి, ఇక పాట తెగిపోతుందేమో అనుకున్న చోట ఒకే దెబ్బలో కలిసి, ఠక్కున ఆగిపోతాయి. తర్వాత నిశ్శబ్దం. రోజూ పొద్దున అంగడి తెరుస్తూ ఫోనులో ఇది వినేవాణ్ని, ఆ నిశ్శబ్దం రాగానే ‘ఆహా’ అని ఆపేసి బేరాల్లో పడేవాణ్ని. ఆహ్వానపత్రంలో ‘పదకొండు నిమిషాల అద్భుతం’ అని వేయించింది కూడా నేనే. పిల్లలు అచ్చుతప్పేమో అనుకున్నారట. (నవ్వులు)

నవ్వండి, నవ్వాల్సిందే. ఈరోజు కూడా ఆ నిశ్శబ్దం వచ్చింది. మీరు చప్పట్లు కొట్టారు. నేను మా అంగడి శాలువాలు చంకన పెట్టుకుని మెట్లెక్కేశాను. జియావుల్లా కర్రలు గాల్లో ఉండగానే అతని మెడలో దండ పడింది. అంతసేపూ కదలకుండా నిలబడిన హుమేరా, బ్యాండులో పాడే అమ్మాయి, అప్పుడే మైకు దగ్గరకు ఒక అడుగు వేసి, ఊపిరి తీసుకుని, నోరు తెరిచింది. నేను ఆ పిల్లకు శాలువా కప్పాను. పక్కన నిలబడి ఫోటో కూడా తీయించుకున్నాను.

 పెద్దవాణ్ని కదా, ఆ అమ్మాయి చేతులు జోడించింది. నేను మురిసిపోతూ దిగుతుంటే రూతు చెవిలో చెప్పింది.

“అంకుల్, పాట ఇంగా సగముండాది. వలేసినాక పడవోళ్లు ఇంజనాపేస్తారు గదా, చేప వచ్చేదాకా ఊరకుండల్ల. ఆ ఊరకుండేదే మేం పాటలో పెట్టినాం. హుమేరా పాడేదంతా ఆ తర్వాతనే.”

పాట పేరే ‘ఇంజను ఆపిన చోట’ అయ్యా! పేరు చదివినవాడికైనా తెలియాలి. ఈ పాట నాకు కంఠతా వచ్చని ఊరంతా చెప్పుకు తిరిగాను, నాకు తెలియలేదు.



సిగ్గు అంతటితో అయిపోయుంటే ఇన్ని నీళ్లు తాగి కూర్చునేవాణ్ని. మూడో వరుసలో ఉన్న ఇమాంసాహెబన్న మీలో చాలామందికి తెలుసు, ఆయన కుట్టిన చొక్కాలు మనం తొడుక్కున్నాం. హుమేరా ఆయన కూతురు. ఆడపిల్ల స్టేజీ ఎక్కడం ఇష్టంలేక ఆయన ఇన్నేళ్లలో ఒక్క కచేరీకీ రాలేదు. నేనే ఆయన కుట్టుమిషను పక్కన కూర్చుని, ఈ ఒక్కసారికి రమ్మని కాళ్లావేళ్లా పడి పిలుచుకొచ్చాను. సన్మానం అయ్యాక వెళ్లి పక్కన కూర్చుంటే మెల్లగా అడిగాడు.

“ఏమప్పా మునిప్రసాదూ, మా పాప అంతసేపూ ఊరకే నిలబడుకోనుండె. బాగా పాడతాదని అందురూ చెప్తిరే. పాడేదానికి ఇయ్యలేదా వీళ్లు?”

నేను వక్కపొడి నములుతున్నట్టు నటించాను. నోట్లో వక్కపొడి లేదు. 

రవిచంద్ర గారూ, మీ ప్రసంగం వినాలని మాకందరికీ ఉంది. కానీ తొమ్మిదికి హాలు తలుపులు వేసేస్తారు. ఉన్న కాస్త సమయంలో మన ఉపన్యాసాలో, పాటో, ఒకటే పడుతుంది. నా వంతు నేను వదులుకుంటున్నాను. మీ వంతు అడగడానికి నేనెవర్ని? అయినా సిగ్గు విడిచి అడుగుతున్నాను. (ముఖ్య అతిథి తల ఊపుతారు. చప్పట్లు) చల్లగా ఉండండి సార్.

అన్నా, ఇమాంసాహెబన్నా! లేస్తాండావా? చెప్పులేసుకోవద్దన్నా. నీ బిడ్డను పాడనీకుండా చేసింది వాళ్లు గాదు, నేను. ఇందరి ముందర చెప్తాండా. పోవద్దు, వచ్చి ఈడ ముందర కూచో.

హుమేరా, ఎక్కడినుంచి మొదలుపెడతారమ్మా?

“మొదట్నుంచేనంకుల్. ఆ చప్పుడు లేకుంటే ఆగింది తెలీదు.”

సరే తల్లీ. ముందు ఆ శాలువా తీసి పక్కన పెట్టు.

మిత్రులారా, ఓపికతో విన్నందుకు కృతజ్ఞతలు. పాట ఆగినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టొద్దు. అలవాటుకొద్దీ నేను లేవబోతే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టండి. స్టేజీ మీద తన కూతురు పాడగా ఇమాంసాహెబన్న వినడం ఇదే మొదటిసారి. ఈ పాటలో నాకూ ఇదే మొదటిసారి. సెలవు.