తుమ్మిన మెదడు

దిల్‌సుఖ్‌నగర్‌లో శ్రీనివాస్ చాయ్ కొట్టు ముందు మహిపాల్ నోరు విప్పాడంటే ఎదుటివాళ్ల చాయ్ చల్లారాల్సిందే. ఆ రోజు మాత్రం వాడికి నోటితో నిజంగానే పని పడింది. తనతో చదువుకున్న ఇందును చేసుకుంటానని కబురు పెట్టాడు. పిల్ల తండ్రి కోదండం, పోచంపల్లి చీరల దుకాణం నడిపే పెద్దమనిషి, పిల్లగాడు ఎట్లాంటివాడో చూద్దామని స్వయంగా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"నువ్వు చేసే పనేంది బిడ్డా?"

"మెదడు రిపేరు మామా!" అన్నాడు మహిపాల్, ఇంకా కుదరని వరస ముందే కలిపేసి.

"డాక్టరువా?"

"డాక్టర్లకే డాక్టర్ని. ఎల్‌బీ నగర్ల పరిశోధన సెంటరు మాది. తలకాయలకు ఎమ్మారై తీస్తరు, గా బొమ్మల మీద కంప్యూటర్ మెదడు అంచు ఎంబడి గీత గీస్తది. గీత తప్పితే సరిజేసేది నేను. మొన్న ఒక కేసొచ్చింది. మాకు పేర్లు చెప్పరు, నంబరే. గా మనిషి మిషన్ల పండుకొని, సరిగ్గ బొమ్మ తీసే టైముకు హాచ్చ్‌మని తుమ్మిండు!"

కోదండం గ్లాసు నోటి దాకా పోయి ఆగింది. మామ బుట్టలో పడ్డాడనుకున్నాడు మహిపాల్.

"బొమ్మంత అదిరింది. మెదడు మీద పల్చటి పొర ఉంటది మామా, కంప్యూటర్ గా పొరను గూడ మెదడే అనుకుంది. అసలు పొరపాటు అనే మాట గట్లనే పుట్టింది! నేను మౌస్ వట్టి చుక్క చుక్క చెరిపిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపల బొక్క! బాలాపూర్ లడ్డూ పట్టేంత బొక్క! తుమ్ముకు సగం మెదడు ముక్కులకెళ్లి ఎల్లిపోయింది. ఇంకోడైతే పరేషాన్ అవుతుండె. నేను కొత్త మెదడు నింపి, ముడతలు తక్కువైతే ఇస్త్రీ తిరగేసి ముడతలు వెట్టిన..."

"ఇస్త్రీ తిరగేస్తే ముడతలొస్తయా?" అన్నాడు శ్రీనివాస్ చాయ్ వడపోస్తూ.

"నడుమ మాట్లాడకు! గా మెదడు ఇప్పి పరిస్తే గీడికెళ్లి అల్మాస్‌గూడ దాకా వచ్చింది. దాని మీద ఆటోలు నడిచినయ్! మళ్ల మడతవెట్టి తలకాయల సర్దిన. గా మనిషి సీదా ఇంటికి పోయి, పెండ్లానికి 'నీ మాటే కరెక్టు' అన్నడు!"

"గది మాత్రం అబద్ధం," అన్నాడు శ్రీనివాస్.

కోదండం గ్లాసు కింద పెట్టాడు.

"బిడ్డా, పరిశోధనకు మంచిగున్నోళ్ల తలలు గూడ కావాలని మీ సెంటరోళ్లు అంటే నేనే పోయి మిషన్ల పండుకున్న. గా తుమ్మినోన్ని నేనే."

మహిపాల్‌కు చాయ్ పొలమారింది.

"తెల్లారి మీ సెంటరు అమ్మాయి ఫోన్ చేసింది. 'మీ బొమ్మతోని మావోడు కుస్తీపట్టి చేతులెత్తేసిండు అంకుల్, మళ్లొచ్చి పండుకోండి' అన్నది. పోయిన. ఈసారి తుమ్మలే, బొమ్మ మంచిగొచ్చింది. బొక్క గిక్క ఏం లేదట."

ఆ 'మావోడు' ఎవరో మహిపాల్‌కు తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఇందు ఇక దక్కదనిపించింది.

"పొరపాటైంది... అంకుల్," అన్నాడు. వరస దానంతటదే మారిపోయింది.

కోదండం లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. "మంచి పనికి బయల్దేరంగ తుమ్ము వినవడితే ఏం జేస్తం?"

"జర ఆగి... నీళ్లు తాగి పోతం."

"ఆగుదాం మరి. శ్రీనివాస్, వీనికి గ్లాసు నీళ్లియ్యి. తాగినంక ముచ్చట మొదటికెళ్లి మాట్లాడుదాం, కోతల్లేకుంట." గొంతు తగ్గించాడు. "ఇగో, గా 'నీ మాటే కరెక్టు' ముచ్చట మాత్రం మీ అత్త ముందల ఎత్తకు. నిజమనుకుంటది."

మహిపాల్ నీళ్లు ఒక్క గుక్కలో తాగేశాడు.